పెంకి గుర్రం ఏం నేర్చుకుంటుంది?

కరిచే గుర్రాన్నీ తన్నే గుర్రాన్నీ కొట్టి లొంగదీయాలన్నది చర్నాకోల నాటి నమ్మకం. దెబ్బ తిన్న గుర్రం నిలబడుతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. కరవకూడదని నేర్చుకుని నిలబడిందా, మనిషి చెయ్యి లేస్తే నొప్పి పుడుతుందని నేర్చుకుని నిలబడిందా? రెండోదైతే రేపు కళ్లెం వేయడానికి లేచిన చెయ్యి కూడా దానికి శత్రువే. చెవులు వెనక్కి అణచడం, తోక విసరడం, పిరుదులు మనిషివైపు తిప్పడం తన్నుకు ముందు అది చేసే హెచ్చరికలు. వాటికే దెబ్బలు పడితే చెప్పకుండా తన్నడం అలవాటవుతుంది.

ఇవాళ ఉత్తరాంధ్రలో గుర్రం ఎక్కడ ఎదురవుతుంది? ఎచ్చెర్ల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారికి జట్కాలతో పనిలేదు. బరువు మోసే గుర్రం కావాలంటే పాడేరు మన్యం వైపు చూడాలి. మైదానంలో ఉన్నది పెళ్లి ఊరేగింపు గుర్రం. దాని చుట్టూ బ్యాండు, టపాసులు, మూగిన పిల్లలు. పక్కలకు ఉన్న కళ్లతో అది దాదాపు చుట్టూ చూడగలదు గానీ, సరిగ్గా తోక వెనుకా నుదుటి ముందు కొద్దిమేరా కనిపించదు. కనిపించని చోట అలికిడైతే తన్నుతుంది. దాన్ని పొగరనడం అన్యాయం.

అలాగని భయమన్న ఒక్క మాటతో అన్నీ తేలవు. చేతితో బెల్లం తినిపించి పెంచిన గుర్రప్పిల్ల పెద్దయ్యాక జేబులు వెతుకుతూ కరుస్తుంది. దానికి భయమే లేదు. మగగుర్రానికి విత్తులు తీయిస్తే ఉద్రేకం తగ్గుతుంది, అలవాటైన కాటు మాత్రం మిగిలిపోవచ్చు. జీను కింద పుండో, పదునెక్కిన దవడపన్నో, గిట్టలో నొప్పో ఉంటే ముందు వైద్యం, తర్వాతే శిక్షణ. సాధువైన గుర్రం హఠాత్తుగా మీదపడితే రేబిస్‌నూ అనుమానించాలి. నోట్లో చెయ్యి పెట్టకుండా, వేరుగా ఉంచి పశువైద్యుణ్ణి పిలవాలి. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

కొట్టకపోతే వెనక్కి తగ్గాలా? గుర్రానికి పది మూరల దూరంలో ఉండమన్న పాత నీతి ప్రాణానికి మంచిదే, పని మాత్రం సాగదు. పళ్లు చూపగానే మనిషి తప్పుకుంటే, పళ్లు చూపితే చాలన్న పాఠం అప్పటికప్పుడే వంటబడుతుంది. దెబ్బా పాఠమే, పారిపోవడమూ పాఠమే.

తెలిసినవాడు పొడుగు తాడు పట్టుకుని, దాన్ని చేతికి చుట్టుకోకుండా, ఎడమ భుజం పక్కన నిలబడతాడు. తల తనవైపు తిప్పితే పిరుదులు అవతలికి జరుగుతాయి, తన్ను అందదు. తాడు కొద్దిగా లాగి, గుర్రం ఒక్క అడుగు వేయగానే వదిలేస్తాడు. వదిలిన ఆ క్షణమే దానికి గుర్తుంటుంది. గుర్రంతో కోపంగా వ్యవహరించవద్దని గ్రీకు రచయిత జెనోఫోన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రాశాడు. అది దయ గురించిన మాటలా వినిపిస్తుంది గానీ, కోపంలో ఉన్నవాడు తాడు వదలడం ఆలస్యం చేస్తాడన్నది అంతకన్నా గట్టి కారణం.

లాగడమూ ఒక ఇబ్బందే కదా, దెబ్బకూ దానికీ తేడా మోతాదేనా? మోతాదొక్కటే కాదు. లాగుడును గుర్రం తన అడుగుతో తానే ఆపగలదు. దెబ్బను ఆపే దారి దానికి తెలియదు. బ్యాండు మధ్య ఇరుక్కున్న గుర్రానికైతే ఏ దారీ లేదు. అప్పుడు నేర్పబోవడం దండగ, జనాన్ని జరిపి దాన్ని పక్క సందులోకి తప్పించాలి.