చదివినా చిరగని ఉత్తరం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సాహిత్యం చదివేవాళ్లకి కాఫ్కాలు ఇద్దరు. ఒకరు 1924లో చనిపోయిన ప్రాగ్ రచయిత. రెండోది లింక్డిన్‌లో పుట్టి, 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన మెసేజ్ స్ట్రీమింగ్ వ్యవస్థ. రాతకి అనువుగా కట్టిన వ్యవస్థ కదా, రచయిత పేరైతే బాగుంటుందనుకున్నానని దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన జే క్రెప్స్ చెప్పాడు. నిజంగానే అది రాసుకుంటూ పోతుంది. ఆర్డర్ పడింది, డబ్బు కట్టారు, స్కూటర్ ఈ మలుపు దాటింది: ప్రతిదీ చిట్టా చివర ఒక వరుసగా చేరుతుంది. పాత కొట్లలో చిట్టాలాగే కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండవు. ఉత్తరం విప్పితే కవరు చిరుగుతుంది. ఇక్కడ పదిమంది చదివినా వరుస చెక్కుచెదరదు. మామూలుగా 7 రోజులు ఉంటుంది, కంపెనీ కావాలనుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇన్నాళ్లూ ఈ చిట్టాని చదివింది ఎక్కువగా ప్రోగ్రాములే. ఇప్పుడు క్లాడ్ డెస్క్‌టాప్ లాంటి ఏఐ సహాయకుణ్ణి దానికి కలపొచ్చు. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ప్రకారం ఒక చిన్న ప్రోగ్రాం మధ్యలో కూర్చుని, ఏ చిట్టాలున్నాయో చూపిస్తుంది, అడిగినవి తీసి ఇస్తుంది. మనం మామూలు మాటల్లో అడిగితే చాలు. పనంతా మన ల్యాప్‌టాప్‌లోనే జరుగుతున్నట్టుంటుంది గానీ, చదివిన వరుసలు జవాబు తయారయ్యే దూరపు సర్వర్ల దాకా వెళ్లొస్తాయి.

చదవడం తప్పా అని అడిగితే, అనుమతి ఉంటే తప్పు కాదంటారు. నాకా జవాబు చాలదు. అనుమతి చాలామందికి ముందునుంచే ఉంది. అయినా చూసేవాళ్లు కాదు, ఎందుకంటే చూడాలంటే కోడ్ రాయాలి, ఏ వరుసలో ఏముందో వెతకాలి, సగం రోజు ఏం చేశావంటే టీమ్ లీడ్‌కి చెప్పుకోవాలి. ఊరికే పుట్టిన కుతూహలం ఆ దారిలోనే చచ్చిపోయేది. బద్ధకాన్ని నీతి అనలేం. కానీ నీతి చెయ్యాల్సిన కాపలా చాలావరకు అదే కాసింది. ఈ కొత్త అనుసంధానం తీసేసింది సరిగ్గా ఆ కాపలానే. సాధనం వాడేముందు యాప్ మనల్ని అడుగుతుంది, నిజమే. మూడోసారికి వేలు దానంతటదే ‘ఎప్పుడూ అనుమతించు’ మీదకి పోతుంది.

ఫుడ్ డెలివరీ కంపెనీలో ఒక మేనేజర్ ఉన్నాడనుకుందాం. రాత్రి పదింటికి ఏమీ తోచక, ‘కూకట్‌పల్లి రైడర్లలో ఎవరు ఎక్కువసేపు ఆగుతున్నారు?’ అని టైప్ చేస్తాడు. చక్కటి పేరా వస్తుంది: ఫలానా రైడర్ రోజూ సాయంత్రం ఒకే చోట ఇరవై నిమిషాలు ఆగుతున్నాడు. అది మసీదు కావచ్చు, తల్లిని చేర్పించిన ఆస్పత్రి కావచ్చు, టీ కొట్టు కావచ్చు. చిట్టాలో ఉన్నది అక్షాంశాలూ రేఖాంశాలే, వాటిలో అబద్ధం లేదు. వాటిని ఒక మనిషి అలవాటుగా మార్చింది మాత్రం ఆ ప్రశ్న.

మన ఊళ్లలో చదువు రాని అమ్మమ్మలకి పోస్ట్‌మ్యానో పక్కింటి బడిపిల్లాడో ఉత్తరాలు చదివిపెట్టేవాళ్లు. ఊరి గుట్టంతా వాళ్లకి తెలుసు. కానీ ఎవరికొచ్చింది వాళ్లకే చదవాలన్న కట్టుబాటు ఒకటుండేది. కొత్త చదువరికి ఆ కట్టుబాటు మనం చెబితేనే తెలుస్తుంది. స్కూటర్ ఎక్కడుందన్న కబురు, అన్నం వేడిగా చేరడం కోసం రాసిన ఉత్తరం. మేనేజర్ కుతూహలం దాని చిరునామా కాదు.

కాఫ్కా తన రాతప్రతుల్ని చదవకుండా కాల్చెయ్యమన్నాడు, మాక్స్ బ్రాడ్ వినలేదు. 1925లో ‘ది ట్రయల్’ అలాగే వచ్చింది. తర్వాత ప్రేమలేఖలూ అచ్చయ్యాయి. బ్రాడ్ చేసింది ఒప్పో తప్పో ఇంకా వాదించుకుంటున్నాం. అలా వాదించుకోగలుగుతున్నామంటే, అతను తన పేరు పెట్టి, తన కారణం చెప్పి చేశాడు కాబట్టే. మన మేనేజర్ రేపు రైడర్ని పిలిచి ‘సిస్టమ్ చూపిస్తోంది’ అంటాడు. అడిగిందెవరో మాటలోంచి మాయమైపోతుంది.

అందుకని దీన్ని కలపొద్దని నేననను. అర్ధరాత్రి పేమెంట్లు ఎక్కడ ఆగాయో వెతికే ఇంజనీర్‌కి ఇది పెద్ద ఊరట. చదివే హక్కు మాత్రమే ఇవ్వొచ్చు, రాసేది ఇవ్వక్కర్లేదు. మనుషుల కదలికలున్న చిట్టాల్ని పక్కన పెట్టొచ్చు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, అడిగిన ప్రతి ప్రశ్నా అడిగినవాడి పేరుతో మరో చిట్టాలో చేరడం. ఆ రెండో చిట్టాని రైడర్ కూడా చదవగలగాలి.

రైడర్‌కీ ఒక ప్రశ్న ఉంటుంది కదా. ‘నిన్న వానలో ఎనిమిదింటి నుంచి నాకు ఆర్డర్లెందుకు రాలేదు?’ దానికి జవాబు ఉంటే గింటే అదే చిట్టాలో ఉంటుంది, సగం వరుసలు అతని ఫోన్ పంపినవే. మేనేజర్ ల్యాప్‌టాప్‌లో తెరిచిన ఈ కిటికీని అతని ఫోన్‌లో తెరవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.