టమాటా తోటలో అహింస

పంట కోసం పురుగును చంపే రైతు ధర్మం ఏమిటన్న ప్రశ్నకు జైన ఆచార్యులు హింసను నాలుగు విధాలుగా విభజించి సమాధానం వెతికారు. బుద్ధిపూర్వకమైన సంకల్పీ హింసను గృహస్థుకు నిషేధించి, ఇంటిపనుల్లో జరిగే ఆరంభీ, జీవనోపాధిలో జరిగే ఉద్యోగీ, ఆత్మరక్షణలో జరిగే విరోధీ హింసలను అనివార్యమైనవిగా పరిగణించారు.

అయితే ఈ అనివార్యత హద్దు ఎక్కడన్నదే అసలు చిక్కు. మదనపల్లె పరిసరాల్లో వలె టమాటా విస్తారంగా సాగయ్యే చోట పంట మార్పిడి లేకపోతే పురుగుకు ఆహారం తెగదు. నత్రజని మితిమీరితే ఏపుగా పెరిగిన లేత ఆకులపై, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ చేరుతుంది. విచక్షణ లేని పిచికారీకి, కాయతొలుచు పురుగు గుడ్లలోనే తన గుడ్లు పెట్టి వాటిని నశింపజేసే ట్రైకోగ్రామా వంటి మిత్రకీటకాలు కూడా బలవుతాయి. ఈ విధంగా మనిషి ఎంపికలే పురుగును పెంచినప్పుడు దాన్ని చంపడం పూర్తిగా అనివార్యమనడం న్యాయం కాదు.

దక్షిణ అమెరికాలో పుట్టి, 2014లో భారతదేశంలో కనిపించిన, టమాటాను ఆశించే టూటా పురుగుకు మాత్రం ఏ రైతూ బాధ్యుడు కాడు. అప్పు తెచ్చి సాగుచేసే కౌలుదారుపై ఆ పాపభారం మోపడం అధర్మం. అయితే కాయతొలుచు పురుగును ఆకర్షించేందుకు బంతిని ఎరపంటగా వేసే వీలుండి కూడా మొదటే విషాన్ని ఆశ్రయించడం మాత్రం ఉద్యోగీ హింస పరిధిలోకి రాదు.