అవ్వ ఆవు, అయివారి ప్రాస

మదనపల్లెలో ఒక అయివారు పద్యం కట్టడం, పాట కట్టడం నేర్పేవాడు. ఆయన దగ్గర ఇద్దరు పిల్లకాయలు చేరినారు. ఒకడిది పుంగనూరు, ఇంకొకడిది కుప్పం.

పుంగనూరు వాడు లెక్క మనిషి. మొదటి పాదంలో రెండో అక్షరం 'ట్ట' అయితే కడమ మూడు పాదాల్లోనూ 'ట్ట' పడాల్సిందే. పడకపోతే వాడికి అన్నం సహించదు. కుప్పం వాడు అంతా చెవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వింటూ పెరిగినాడు. పుస్తకం తీయమంటే నీళ్లు నమిలేవాడు కానీ, ఒకసారి విన్న పాటను మరిచిపోయేవాడు కాదు.

కనుమ దగ్గర పడింది. పుంగనూరు పక్క పల్లె నుంచి ఒక అవ్వ వచ్చి, "అయివారూ, పశువుల పండగకి మా ఆవు మీద పాట కట్టించు సామీ, మా భజన పిల్లోళ్లు పాడతారు" అని అడిగింది. పుంగనూరు ఆవు ఎంతుంటుందో మీకు తెలిసిందే. మనిషి నడుము దాటదు, పాలు మాత్రం చిక్కన. అయివారు పనిని శిష్యులిద్దరికీ అప్పగించినాడు.

పుంగనూరు వాడు మర్నాడే వచ్చి పాడినాడు:

పొట్టి పొట్టి ఆవు
గట్టి కొమ్ములావు
కొట్టి మేనమామను
మట్టి కరిపించెను

నాలుగు పాదాల్లోనూ 'ట్టి' నిక్కచ్చిగా పడింది. అవ్వ మాత్రం మొహం ముడుచుకుంది.

"నా ఆవు ఎవుర్ని కొట్టిందబ్బా? ఆ మేనమామ ఎవురు?"

"ఎవురూ లేరవ్వా. ప్రాస కోసం కొట్టించినా."

"అయితే ఆ ప్రాసనే కొట్టుకో. నా ఆవు జోలికి రావద్దు."

కుప్పం వాడు రెండు రోజులు అవ్వ దొడ్డిలోనే కూర్చున్నాడు. పాలు పితికేటప్పుడు చూసినాడు, దూడను విడిచేటప్పుడు చూసినాడు. తరువాత పాడినాడు:

పాలు చేపు తల్లి
వేళ తప్పకుండ
కాలు దువ్వకుండ
గోల చేయకుండ

అవ్వ ఏమీ అనలేదు, రెండో తూరి పాడమంది. పుంగనూరు వాడికి ఒళ్లు మండింది. "అయివారూ, 'పాలు'లో ల, 'వేళ'లో ళ. ఇది తప్పు కాదా?" అయివారు నవ్వి, "నువ్వు కళ్లతో విన్నావురా. రెంటికీ ఒకే నాలుక, కొంచెం వెనక్కి మడిస్తే ళ. పెద్దలు ఒప్పుకున్నదే" అన్నాడు.

కుప్పం వాడికి ఆ మాట తలకెక్కింది. మళ్లీ టమోటా కోతలు వచ్చినాయి. మండిలో మూటలెత్తే వాళ్లు పాట కావాలన్నారు. ఈసారి కుప్పం వాడు కూర్చోలేదు, వినలేదు, నిలబడి కట్టేసినాడు:

చీకటితోనే లేచి
మూటలెత్తినాము
ధరను అడిగితేను
గుండె జారిపోయె

ఎందుకిట్లా అంటే, "దగ్గర దగ్గరగా ఉంటే చాలంటిరి కదా అయివారూ" అన్నాడు. క, ట, ర, డ. ఇందులో దగ్గర ఏదో ఆ అబ్బికే తెలియాలి. మండిలో పాట ఎత్తుకున్నారు. మొదటి పాదం అయ్యేసరికి వంతవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మూడో పాదం అందుకున్నాడు, ఇంకొకడు నాలుగోది. రెండో అక్షరం వినగానే తరువాతి పాదం నోటికి రావాలి, ఆ కొక్కెమే లేకపోయింది.

పుంగనూరు వాడు ఇదే అదననుకుని తన పాట తెచ్చినాడు: తోటలో ఉన్నది, బుట్టలో ఉన్నది, మండిలో ఉన్నది. వంతవాళ్లు తడుముకోకుండా పాడినారు, సాయంత్రానికి మరిచిపోయినారు. అయివారు అన్నాడు: "ఒరే నాయనా, ఈ ప్రాస నువ్వు కట్టింది కాదు. వ్యాకరణం కట్టి పెట్టింది, నువ్వు ఎత్తుకొచ్చినావు."

నీతి: ప్రాస కోసం ఆవు మీద అబద్ధమాడకూడదు. దగ్గరి ప్రాస చాలన్నారని, ఏ చుట్టరికమూ లేని అక్షరాలను తెచ్చి పీటల మీద కూర్చోబెట్టకూడదు.

ఈ నీతి కొత్తది కాదు. సరిగ్గా అదే అక్షరం కాకపోయినా దాని దగ్గరి బంధువు చాలనే ఒప్పందం తెలుగు పద్యంలో మొదటి నుంచీ ఉంది. పాదం మొదటి అక్షరానికి నడిమిలో జత కుదిర్చే యతి అంటే అదే కదా. కకు గ సరిపోతుంది, చకు స సరిపోతుంది. అయితే అచ్చు కూడా కుదరాలి: 'కలువ'కు 'గాలి' పొసగుతుంది, 'గిన్నె' పొసగదు. ప్రాసలో పట్టు ఇంకా గట్టిది, అయినా ల-ళ, న-ణ వంటి జంటలకు లాక్షణికులు దారి విడిచినారు. 17వ శతాబ్దంలో కాకునూరి అప్పకవి ఇలాంటివన్నీ కూర్చుని రకరకాలుగా విడదీసి రాసిపెట్టాడు. సడలింపు ఉంది, దానికి హద్దు ఉంది. నోట్లో ఎక్కడ పుట్టే ధ్వని అన్నదే ఆ హద్దు.

కుప్పం వాడి చెవికి ఇంకో బలం ఉంది. తమిళంలో ఎదుగై, కన్నడంలో ఆదిప్రాస, మన ప్రాస, మూడూ రెండో అక్షరం మీదే నిలబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి కుప్పాన్నే ఎంచుకున్నది ఈ మూడు భాషల కూడలి అనే. పైగా తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. మనం రెండుగా రాసేది వాళ్లు ఒకటిగా రాస్తారు. అందుకే ఆ అబ్బికి దగ్గరి ధ్వనులు అంత సులువుగా పట్టుబడినాయి, అంత సులువుగా చేయి జారినాయి కూడా.

అసలు ప్రాసే వద్దనుకున్న వాళ్లూ ఉన్నారు. 1910లో గురజాడ ముత్యాల సరాల్లో యతిప్రాసల పట్టింపు వదిలేశాడు. మరుసటి ఏడే కన్నడంలో మంజేశ్వరం గోవింద పై ఆదిప్రాసకు సెలవిచ్చాడు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో దిగి, జనగణమనను ఇంగ్లీషులో తానే రాసినప్పుడు పాదాల చివర పడే అంత్యప్రాస జోలికి పోలేదు. పక్కనే జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి ప్రిన్సిపాలుగా ఉన్నా సరే. అర్థం నిలిస్తే చాలనుకున్నాడు. అదీ ఒక పద్ధతే. కానీ ఈ ముగ్గురూ ప్రాస చేతకాక వదిలిన వాళ్లు కారు.

మన సినిమా పాటకు వచ్చిన జబ్బు మాత్రం పుంగనూరు వాడిదే. తెలుగులో క్రియలు చాలావరకు 'ఆడు', 'ఇంది' వంటి వాటితో, నామాలు 'లో', 'కు' వంటి విభక్తులతో ముగుస్తాయి గనక అచ్చమైన అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికినదానికి విలువ ఉండదు. నన్నడిగితే, విభక్తుల మీద కట్టిన నిండు ప్రాస కన్నా 'పాలు', 'వేళ'ల మధ్య కుదిరిన అరప్రాస ఎక్కువ కష్టార్జితం.

పాట కట్టే పిల్లకాయలారా, ఒక్క పని చేయండి. పల్లవి రాసినాక పాదాల చివరి 'ఉన్నది', 'అన్నది', 'లోన'లను కొట్టేయండి. మిగిలిన మాటల్లో ఒకదాని గొంతు ఇంకోదానికి తగులుతోందా అని పైకి చదివి చూడండి. తగలకపోతే ఆ కాగితం చించి, అవ్వ దొడ్డికి పోయి కాసేపు కూర్చోండి.