అతిథియా, ప్రేక్షకుడా?

దూరదేశమునకు పోయి అచటి అందమును కన్నులార చూచి వచ్చుట తప్పా? కాదు. సృష్టిని చూచి ఆనందించుట సృష్టికర్త మనకిచ్చిన భాగ్యమే. అయితే చూచినవాడు ఆ చోటికి ఏమైనను ఋణపడునా? నార్వే దేశమందలి గైరాంగర్ గ్రామములో ఒక వేసవి ఉదయమున ఈ ప్రశ్న నన్ను పట్టుకొనెను. నేటికిని విడువలేదు.

ఆ దేశపు పశ్చిమ తీరమున సముద్రము కొండల నడుమకు చొచ్చుకొని పోయియుండును. పూర్వము హిమనదములు తొలిచిన లోయలలో ఉప్పునీరు నిండగా ఏర్పడిన ఈ పాయలను ఫ్యోర్డులందురు. గైరాంగర్ ఫ్యోర్డు పొడవు 15 కిలోమీటర్లు. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. దాని కొసనున్న గ్రామమున ఏడాది పొడవున కాపురముండువారు సుమారు 250 మంది. ఒక్క పెద్ద విహారనౌక వచ్చిన యెడల అంతకు పదింతల జనము ఒక్కపూటలో దిగుదురు.

నేను హెల్లెసిల్ట్ నుండి ఫెర్రీలో వెళ్లితిని. దారిలో “ఏడుగురు అక్కచెల్లెండ్రు” అను జలపాతము కనబడెను. దానికి పైన, నిట్టనిలువు కొండ అంచున, పాడుపడిన రైతు ఇండ్లు కలవు. బండలు విరిగిపడునను భయముచేత 19వ శతాబ్దాంతమున ఆ కుటుంబములు వాటిని విడిచిపోయినవి. ఓడలోని మేమందరము “ఎంత అందము!” అని ఫొటోలు తీసికొంటిమి. వారేల విడిచిపోయిరని అడిగినవారు లేరు.

గ్రామమున, కొండవాలుపై, 1842లో కట్టబడిన ఎనిమిది మూలల తెల్లని చెక్క దేవాలయము కలదు. దాని ప్రక్కనున్న సమాధుల తోటలో ఒక వృద్ధురాలు మోకాళ్లూని ఒక సమాధిపై పూలమొక్క నాటుచుండెను. వెనుక నీలి జలము, తెల్లని గోపురము, వంగిన ఆమె శిరస్సు. నేను ఫోను పైకెత్తితిని. ఆమె తలయెత్తి చూచెను. కోపము లేదు, ఆశ్చర్యమును లేదు. ఆ చూపునకు ఎంతో అలవాటుపడిన అలసట మాత్రము కనబడెను. సిగ్గుపడి చేయి దించితిని. ఆమె దుఃఖము నా చిత్రములో ఒక అలంకారమైనది గదా!

తరువాత ఆ ప్రాంతపు కథ తెలిసికొంటిని. సమీపమున ఓకెర్నెసెట్ అను కొండకు పెద్ద బీట కలదు. అది ఏటేట కొన్ని సెంటీమీటర్లు విచ్చుకొనుచున్నది. ఆ కొండచరియ విరిగి నీటబడినచో లేచు అల కొద్ది నిమిషములలో గ్రామమును చేరును. కావున రేయింబవళ్లు దానిని యంత్రములతో కనిపెట్టుచున్నారు. ఇది ఉత్త భయము కాదు. 1934 ఏప్రిల్ 7న పొరుగుననున్న తాఫ్యోర్డులో ఇట్టి అల 40 మందిని బలిగొన్నది. నాకు దృశ్యమైన కొండయే వారి తలపై వ్రేలాడు భారము.

గ్రామస్థులు కేవలము బాధితులనుట సత్యము కాదు. యాత్రికుల సొమ్ముచేతనే అనేక కుటుంబములు ఆ లోయలో నిలువగలిగినవి. మరి అదే నౌకల పొగ గాలి కదలని దినమున కొండల నడుమ చిక్కుకొని వారి ఇండ్లపై నిలుచును. అందుచేత నార్వే ప్రభుత్వము ఈ వారసత్వ ఫ్యోర్డులలో ప్రయాణికుల నౌకలు కర్బన వాయువులు విడువరాదని నియమించినది: 10,000 టన్నులలోపు వాటికి 2026 నుండి, పెద్దవాటికి 2032 నుండి. చట్టము పొగను ఆపవచ్చును. చూచువాని హృదయమును ఎవరు మార్చగలరు?

తిథి నియమము లేక వచ్చువాడు అతిథి అని మన పెద్దలు చెప్పిరి. విహారనౌక వచ్చు తేదియు, పోవు గంటయు ముందుగానే అచ్చుపడియుండును. అట్లు వచ్చువాడు అతిథి కాగలడా? కాగలడని నా నమ్మకము. లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానమును చూడుడు. యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. గ్రీకు మూలమున ముగ్గురికిని ఒకే క్రియాపదము వాడబడినది. చూపులో భేదము లేదు. చూచిన పిమ్మట వేసిన అడుగులోనే భేదము. ఇద్దరు ప్రక్కగా పోయిరి, ఒకడు దగ్గరకు వచ్చెను. ప్రేక్షకుడు అందమును తీసికొని పోవును. అతిథి గృహస్థుని భారమును కొంతయైన ఎరిగి పోవును.

ఇది నార్వేకు మాత్రమే చెందిన మాట కాదు. మనలో అనేకులు పరిశుద్ధ దేశ యాత్రకు పోయి బేత్లెహేము గుహను చూచి వత్తురు. ఆ ఊర నేటికిని నివసించు క్రైస్తవ కుటుంబములు ఎట్లు బ్రదుకుచున్నవని అడిగి వచ్చువారెందరు? భూమి తనదనియు, దానిలో మనము పరదేశులమనియు దేవుడు ఇశ్రాయేలీయులకు మోషే ద్వారా తెలిపెను. అట్లయిన ఆ వృద్ధురాలును నేనును ఒకే గృహస్థుని ఇంట అతిథులమే. తోటి అతిథిని వింతగా చూచుట తగునా?

ఆమె పేరు నాకు తెలియదు. ఆమె చిత్రమును నాయొద్ద లేదు. అయినను బీటలువారిన ఆ కొండ నీడలో నిద్రించువారి కొరకు నాటినుండి ప్రార్థించుచున్నాను. ఆ ఉదయమున నేను చెల్లింపక వచ్చిన ఋణములో ఇది కొంత.