అతిథి ధర్మము

ఇతరుల ఇంట అడుగుపెట్టినవాడు ఆ ఇంటికి కీడు చేయకుండుటతోనే వాని ధర్మము ముగియునా? “మేమెవరికిని హాని తలపెట్టలేదు” అను మాట సజ్జనుల నోట తరచుగా వినబడును. అందు అసత్యము లేదు. అది చాలునా అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను దక్షిణ సముద్రమందలి ఒక చిన్న దీవిని ఆధారము చేసికొని విచారింపదలచినాము.

ఆస్ట్రేలియాకు దక్షిణమున టాస్మేనియా కలదు. దాని తూర్పు తీరమునకు ఎదురుగా నున్నది మరియా ద్వీపము. వైశాల్యము సుమారు 115 చదరపు కిలోమీటర్లు. 1972లో దీనిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. ట్రయాబన్నా రేవు నుండి పడవ మీద పోవలెను. సందర్శకుల మోటారు బండ్లకు అచట ప్రవేశము లేదు. సరకులు కొనుటకు అంగడియు లేదు. తిండిని మూట కట్టుకొని పోవలెను. చెత్తను మూట కట్టుకొని తిరిగి రావలెను. డార్లింగ్టన్ అను చోట పడవ దిగిన పిమ్మట మనుష్యునకు మిగులు వాహనములు రెండే: కాళ్లు, సైకిలు.

ఈ రెంటికిని ఒక సుగుణము కలదు. అవి మనుష్యుని తొందరపడనీయవు. సైకిలుపై దక్షిణమునకు సాగినవానికి ఇనుము మరకలతో పసుపు, ఎరుపు, ఊదా వన్నెలు దేలిన ఇసుకరాతి గోడలు కనబడును, అవియే చిత్రశిలలు. ఆటు తగ్గినప్పుడే వాటి దాపునకు పోవలెను. కావున సముద్రుడు అనుమతించిన వేళకు మనము నడచుకొనవలసినదే గాని, మన వేళకు అతడు నడవడు. ఇంకను ముందునకు పోయిన ఇరుప్రక్కల సముద్రముతో, నడుమ సన్నని ఇసుకపట్టీతో దీవి రెండు ఖండములను కలుపు సంధి వచ్చును. ఉత్తరమున కోట్ల సంవత్సరముల నాటి గుల్లలు గడ్డకట్టిన సున్నపురాతి కొండచరియ కలదు. బిషప్ అండ్ క్లార్క్ అను జంట శిఖరములకు పోవు దారి తుదను బండరాళ్లు పట్టుకొని ఎక్కవలసినదే. అచట సైకిలు గర్వము చెల్లదు.

2019 నుండి అచటికి వచ్చువారిని ఒక ప్రతిజ్ఞ చేయుమని కోరుచున్నారు. వోంబాట్ అను పొట్టి కాళ్ల సాధుజంతువు దారిలో గడ్డి మేయుచుండగా ఫోటో కొరకు వెంటబడము, చుట్టుముట్టము, ఎత్తుకొనము అనునది దాని సారాంశము. మంచిదే. పాదచారి, సైకిలు చోదకుడు సాయంకాలపు పడవలో తిరుగుముఖము పట్టునప్పుడు, “మేమేమియు చెడగొట్టలేదు” అని తృప్తి పడుట సహజము.

అయినను ఆ దీవి చరిత్రను చూడుడు. అచటికి వచ్చినవారిలో పెక్కురు ఏదో యొక మేలు తలచియే వచ్చినారు. 1642లో డచ్చి నావికుడు టాస్మన్ తన అధిపతి వాన్ డీమెన్ భార్య పేరు దానికి పెట్టెను. గౌరవముగానే పెట్టెను. కాని ఆ దీవికి అంతకు పూర్వమే పేరు కలదు. ఆయిస్టర్ బే జాతికి చెందిన ఆదిమవాసులు దానిని తమ భాషలో వుకలువికివైన అని పిలిచెడివారు. 1825లో ఆంగ్ల ప్రభుత్వము ఖైదీల స్థావరము పెట్టెను. అది 1832లో మూతపడినది. 1842 నుండి 1850 వరకు మరల ఒకటి నడచినది; శిక్షతో ఖైదీని సంస్కరింతుమన్న ఆశయము దానిది. 1846లో న్యూజీలాండు నుండి ఐదుగురు మావోరీలను ఆ దీవికి తెచ్చిరి. వారిలో హోహేపా తే ఉమురోవా 1847లో అచటనే మరణించెను. ఆయన అస్థులు స్వదేశము చేరుటకు 1988 వరకు వేచియుండవలసి వచ్చినది. 1920ల యందు సున్నపురాతిని త్రవ్వి సిమెంటు కర్మాగారము నడిపిరి. అదియు 1930లో మూతబడినది.

ఉద్యానము నేర్పరచినవారు కూడ అతిథులను తెచ్చినవారే. నేడు యాత్రికులు అచటి ఆస్తిగా భావించి మురిసిపోవు కంగారూలు, వోంబాట్‌లు, కేప్ బారెన్ బాతులు 1960ల చివరను, 1970లలోను బయటి నుండి తెచ్చి వదలినవి. వీటన్నిటికంటె కఠినమైన ఘట్టము 2012లో వచ్చినది. టాస్మేనియన్ డెవిల్ అను మాంసాహారి జంతువులకు ఒక విచిత్రమైన క్యాన్సరు సోకుచున్నది. 1996లో మొదట కనబడిన ఆ ముఖవ్రణము ఒకటి నొకటి కరచుకొనుట వలన వ్యాపించును. జాతి నశించునేమో యని భయపడి, రోగము లేని పదునైదు జంతువులను ఈ దీవిలో వదలిరి. అవి క్షేమముగా పెరిగి, నాలుగేండ్లలో వంద దాపునకు చేరినవి. దయతో చేసిన పని ఫలించినది.

కాని ఆ దీవిలో చిన్న పెంగ్విన్ పక్షులు నేలలో గూళ్లు చేసికొని యుండెడివి. 2012లో సుమారు 3,000 జంటలు. నేలపై తిరుగు అట్టి వేటజంతువును ఎన్నడును ఎరుగని ఆ పక్షులకు పారిపోవలెనన్న ఊహయే లేదు. 2021 నాటికి ఆ పెంగ్విన్‌లు దీవి నుండి పూర్తిగా అంతరించినవని బర్డ్‌లైఫ్ టాస్మేనియా ప్రకటించినది.

ఇందు దోషి యెవరు? డెవిల్ తన ఆకలిని తీర్చుకొన్నది. దానిని తెచ్చినవారు ఒక జాతి ప్రాణము నిలుపబూనినారు. పెంగ్విన్ వేరుచోట్ల జీవించియున్నది గనుక ఈ బేరము న్యాయమే యని కొందరు వాదింతురు. ఆ వాదము తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే ఆ బేరమునకు వెల చెల్లించినది బేరమాడినవారు కారు. వెల మరియొకరు చెల్లించిన మేలును మనము “మేలు” అని మాత్రమే పిలిచిన, లెక్కలో ఒక ప్రక్కనే వ్రాసినట్లగును. కావున మా అభిప్రాయమిది: మంచి సంకల్పము మనలను శిక్ష నుండి కాపాడవచ్చును గాని బాధ్యత నుండి విడిపింపదు. తెచ్చినవాడు, వచ్చినవాడు, ఉన్నవాడు—ముగ్గురును లెక్క ఒప్పజెప్పవలసినవారే. లెక్క ఒప్పజెప్పుటయనగా తనకు ముందు అచట ఎవరు ఉండిరో, తన రాకతో ఎవరికి చోటు తగ్గినదో తెలిసికొని, దాచక చెప్పుట, చేతనైనంత సరిదిద్దుట.

పాదచారికి ఈ భారము స్వల్పము. వాడు చీకటి పడకముందే మూటతో మరలిపోవును. నిలిచిపోయినవానికే ఇది పెద్దది. మనవంటి కుటుంబములకు ఈ మాట ప్రత్యేకముగా తగులునని తలచుచున్నాము. మన తాతముత్తాతలు దండులతోనో, సేద్యమునకో, వర్తకమునకో, కొలువులకో తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమలకు చేరిరి. అతిథులుగా వచ్చి ఇంటివారైరి. మన భాషను, మన పండుగలను కాపాడుకొనుట మన హక్కు; అందుకే ఈ సంఘములు. కాని “మా వీధిలో మేముంటిమి, ఎవరి జోలికిని పోలేదు” అను మాటతో ఇంటివాని ధర్మము తీరునా? మన పొలము పేరు మనకంటె ముందు ఏమి? మన చెరువును త్రవ్విన చేతులెవరివి? మన పిల్లలకు తెలుగు నేర్పునపుడు ఈ ప్రశ్నలకు జవాబు కూడ నేర్పవలెను. ఇరుగుపొరుగు భాషను బజారు అవసరమునకే కాక ప్రేమతో నేర్చుకొనవలెను.

నెమ్మదిగా పోవువానికి దారి పేర్లు తెలియును. పేర్లు తెలిసినవాడు ఋణము మరువడు. ఋణము మరువనివాడు ఏ ఊరనున్నను పరాయివాడు కాడు.