ఆహారశుద్ధి – మాత్ర



శ్రీభాష్యమున భగవద్రామానుజులు భక్తికి సాధనములైన ఏడింటిని చెప్పుచు వివేకమును మొదట నిలిపిరి. అచ్చట వివేకమనగా తర్కజ్ఞానము కాదు. జాతి, ఆశ్రయ, నిమిత్తములనెడి మూడు దోషములు లేని అన్నముచే కాయశుద్ధిని పొందుట. మన ఇండ్లలో ఈ మూడింటిని పెద్దలు నేటికిని పాటించుచున్నారు. ఉల్లి, వెల్లుల్లి వంటయింటికి రావు. మడితో వండి పెరుమాళ్ళకు ఆరగింపు చేయనిదే ఎవరును విస్తరి ముందు కూర్చుండరు. అయితే గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున హెచ్చరించిన మరియొక నియమమును మరచితిమి. అది మాత్ర, అనగా కొలత.

మండపేటలో నాకొక సహాధ్యాయి కలడు. బాల్యమున ఇద్దరమును ఒకే చాపపై కూర్చుండి అమరము వల్లించితిమి. ఆచారమున ఆయనకు లోపము లేదు. కాని పప్పన్నములో ఆవకాయ, పెరుగన్నములో మాగాయ, నంజుకొనుటకు అప్పడములు, ఊరమిరపకాయలు లేనిదే భోజనము ముగియదు. ధనుర్మాసమంతయు చక్రపొంగలిని ప్రసాదమని దొన్నెలకొలది తీసికొనెడివాడు. రక్తపోటు హెచ్చినదని వైద్యుడు మందు బిళ్ళలీయగా, “నివేదించిన అన్నము కీడు చేయునా?” యని నవ్వి కొన్నాళ్ళకు వానిని మానివేసెను. ఒకనాటి ఉదయము సహస్రనామ పారాయణము నడుమ ఆయన నాలుక తడబడెను, కుడిచేయి వ్రాలిపోయెను. మెదడు ఎడమభాగమున రక్తనాళము పూడుకొన్నదని వైద్యులు చెప్పిరి. నేడు ఆయన మన మాటలన్నియు గ్రహించును. ‘గోవిందా’ యనబోయి, పలుకు రాక కన్నీరు పెట్టుకొనును.

ఆయన ప్రశ్నకు సమాధానము కోవెలలోనే కలదు. అచ్చట తీర్థము ఉద్ధరిణెతోను, ప్రసాదము అరచేతికి సరిపడునంతయు ఇత్తురు. ప్రసాదము కీడు చేయదు. ప్రసాదమను పేర మన జిహ్వ కోరునది కీడు చేయును. మిక్కిలి ఉప్పు, పులుపు, కారము గల ఆహారము దుఃఖమును, రోగమును కలిగించునని గీత పదునేడవ అధ్యాయమున స్పష్టముగా చెప్పబడినది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2003–04లో ఉభయగోదావరి ప్రాంతమున 45 గ్రామములలో మరణకారణములను పరిశీలించిన పరిశోధకులు, 32 శాతము మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే కలిగినవని తేల్చిరి. వానిలో గుండెజబ్బు, పక్షవాతము ఇంచుమించు సమానము. ఉప్పు హెచ్చినకొలది శరీరమున నీరు నిలిచి రక్తపోటు పెరుగును. ఆ ఒత్తిడికి ఏండ్లతరబడి నలిగిన నాళము మెదడులో పూడుకొన్నను, చిట్లినను పక్షవాతమగును.

కావున గృహిణులు గమనింతురు గాక! పెద్దవారికి దినమునకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాడు. ఊరగాయలలోను, అప్పడములలోను ఉన్నదియు ఆ లెక్కలోనిదే. విస్తరిలో అన్నము కొంత తగ్గించి, ఆకుకూరలు, కాయగూరలు, పప్పు, పండ్లు పెంచవలెను. దంపుడు బియ్యము మేలు. ఏకాదశినాడు అన్నము మాని, నేతి ఫలహారములతో కడుపు నింపుట ఉపవాసము కాదు. మాత్రయనగా కొలత, వైద్యుడిచ్చు బిళ్ళయు మాత్రయే. రెండింటిని స్వేచ్ఛగా విడువరాదు.

ఎవరికైన ముఖము ఒకవైపు జారినను, చేయి వ్రాలినను, మాట తడబడినను నోట నీరు గాని, తీర్థము గాని పోయవలదు. అది ఊపిరికి అడ్డుపడును. పసరు వైద్యమునకు పోక, వెంటనే 108కి కబురు చేసి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. గడ్డను కరిగించు సూదిమందును సాధారణముగా నాలుగున్నర గంటల లోపుననే ఈయవలసియున్నది.

మనము శేషులము, ఆయన శేషి. ఈ నాలుక, ఈ చేయి ఆయన సొత్తు, మనకు అప్పగింపబడినవి. నా మిత్రుడు నేడు ఎడమచేతితో తులసిని సమర్పించుచున్నాడు. స్వామి దానిని తప్పక స్వీకరించును. కాని కుడిచేయి ఆడుచుండగనే, దానితో ఎత్తు కబళమును కొలుచుకొనుటయు కైంకర్యమేయని మనము తెలిసికొందము గాక!