చీకటి ఎవరి సొత్తు?

పెళ్లిలో అరుంధతిని చూపించే ఆచారాన్ని మనవాళ్లు ఎక్కడ స్థిరపడ్డా వదులుకోలేదు. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా పురోహితుడు ఆకాశం వైపు చెయ్యెత్తుతాడు, వధూవరులు తలూపుతారు. పట్టణాల్లో చాలాసార్లు అక్కడ కనిపించేది దీపాల మసక వెలుగే. వశిష్ఠుడి పక్కనుండే ఆ చిన్న చుక్క కాదు. మంత్రం మిగిలింది, చుక్క మరుగైంది.

తెలుగు తక్కువగా వినిపించే చోట బతికేవాళ్లం గనుక మాటలు పోతాయేమోనని మనకు బెంగ. కాని పాలపుంతను ఎన్నడూ చూడని పిల్లవాడికి ఆ మాట నేర్పితే వాడికి అందేదేమిటి? 2016లో వెలువడిన ఒక ప్రపంచ పటం ప్రకారం మానవజాతిలో మూడోవంతుకు పైగా తామున్న చోటినుంచి పాలపుంతను చూడలేరు.

హైదరాబాదులో, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాల నీడలో పెరిగిన వైను బప్పు, 1960లలో మంచి ఆకాశం కోసం వెతికి తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరును ఎంచుకున్నారు. ఇప్పుడు అక్కడి వేధశాలకు ఆయన పేరే ఉంది. తరవాతివారు చీకటినీ పొడిగాలినీ వెతుక్కుంటూ లడఖ్‌లోని హాన్లేకు, 4,500 మీటర్ల ఎత్తుకు వెళ్లారు. 2022లో ఆ ప్రాంతపు చీకటికి ప్రభుత్వ రక్షణ కల్పించారు. శాస్త్రజ్ఞుడు కొండెక్కగలడు. మన వీధి పిల్లవాడు ఎక్కడికి పోతాడు?

అలాగని దీపాలు వద్దనడం న్యాయమా? రాత్రి పని ముగించుకుని ఇంటికొచ్చే ఆడపిల్లకు వీధిదీపం కావాలి. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కాని పైకి చిమ్మే వెలుగు ఆమె దారికి పనికిరాదు. దీపానికి గొడుగులాంటి కప్పు పెడితే ఆ వెలుగు నేలమీద పడుతుంది. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి ఎల్‌ఇడి కాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది. పసుపు వన్నె దీపం మేలు. అవసరమెక్కడ ముగుస్తుందో, ఆడంబరమెక్కడ మొదలవుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

మన డాబామీద తెల్లవార్లూ వెలిగే దీపానికి కరెంటు బిల్లు మనమే కడతాం. పొరుగువాడు పోగొట్టుకున్న చుక్కలకు మాత్రం ఎవరూ వెల కట్టరు.

పాడుచేసిన చెరువు బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. ఆకాశం అలా కాదు. దీపాలు ఆర్పిన వెంటనే చీకటి తిరిగొస్తుంది. అందుకే ఈ విషయంలో, చెయ్యి దాటిపోయిందని చెప్పుకొనే వీలు మనకు లేదు. పిల్లలకు భాషను అప్పగించాలనుకునేవాళ్లం, ఆ భాష పేర్లు పెట్టిన ఆకాశాన్ని కూడా అప్పగించాలి.